దొరికిన చోటు: అవ్వ మెడ

చేతికి అందిన కుషాణుల బంగారు నాణేన్ని వదిలేసి వచ్చినవాడు. మా పురావస్తు శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు నన్ను ఇట్లా పరిచయం చేస్తారట. మొన్న ఒక సభలో కలిసిన యువకుడు నమస్కారం పెట్టి, "అది నిజమేనా సార్, లేక ఊరికే అంటరా?" అని అడిగాడు. నిజమే. వదిలేశాను. మళ్ళీ అదే జీపులో, అదే ఇంటికి, అదే అధికారి పక్కన కూర్చోబెట్టి తీసుకుపోయినా మళ్ళీ వదిలేస్తాను. ఇందులో ఎక్కడైనా పశ్చాత్తాపం దొరుకుతుందేమోనని చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్ళకు జరిగింది జరిగినట్టు చెబుతాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి, ఎవరు ఏమన్నారో కూడా చాలావరకు అన్నది అన్నట్టే చెప్పగలను.

నేను నల్లగొండలో ఒక చిన్న ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగం చూసేవాణ్ణి. విభాగం అంటే నేను, ఒక ఇనుప బీరువా, ఒక భూతద్దం, ఒక చిన్న తక్కెడ. మా వైపు నేలలో శాతవాహనుల సీసపు నాణేలు దొరుకుతాయి, ఇక్ష్వాకులవి, విష్ణుకుండినులవి దొరుకుతాయి, ఎప్పుడో ఒకసారి రోమన్ బంగారం బయటపడుతుంది. కుషాణులవి దొరకవు. వాళ్ళు ఏలింది ఎక్కడో ఉత్తరాన. అయినా నాకు చిన్న వయసులోనే ఆ నాణేల పిచ్చి పట్టుకుంది. హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా పాత నాణేలమ్మే దుకాణాలు తిరిగి, జీతంలో మిగిలిన దాంట్లోంచి ఒక్కొక్కటే కొన్నాను. అన్నీ రాగివే. బంగారం నాబోటివాడు అద్దం అవతలి నుంచి చూడాల్సిందే.

కుషాణుల నాణెం ఎందుకంత ఇష్టం అంటే, దాన్ని తిప్పేదాకా వెనుక ఎవరున్నారో తెలియదు. ముందు వైపు ఎప్పుడూ రాజే. పొడుగు కోటు, బూట్లు, గడ్డం. చిన్న అగ్నివేదిక పక్కన నిలబడి అందులో ధూపం వేస్తుంటాడు. తిప్పితే మాత్రం నందిని ఆనుకున్న శివుడు రావచ్చు, బుద్ధుడు రావచ్చు, ఇరాన్ వాళ్ళ అగ్నిదేవుడు రావచ్చు, నెత్తి మీది వస్త్రం ఉబ్బిపోతుండగా పరుగెత్తే గాలిదేవుడు రావచ్చు. సేకరించేవాళ్ళు సాధారణంగా రాజుల వరుసలో పేర్చుకుంటారు. నేను దేవుళ్ళ వరుసలో పేర్చుకున్నాను. మా ఇంటావిడ దులపడానికి డబ్బా తీసినప్పుడల్లా అనేది: "పూజ అర్రలున్న దేవుండ్ల కన్న గీ డబ్బల దేవుండ్లే ఎక్కువున్నరు. వీండ్లకు నైవేద్యం ఎవలు పెట్టాలె?"

మా ఫోటోగ్రాఫర్ మాట ఇంకా గట్టిది. ఆయన ముస్లిం. నాకన్నా రెండేళ్ళు చిన్న. నాతో పాటే సర్వీసంతా గడిపినవాడు. మొదటిసారి నా డబ్బా చూసి, "రాజు ఒక్కడే, దేవుండ్లు పదిమంది. హుషార్ రాజు భాయ్. ఎవ్వని ఓటు గూడ పోనియ్యలే," అన్నాడు.

ఆ డబ్బాలో ఒక గుంట ఖాళీగా ఉండేది. అర్దోక్షో అనే సిరి దేవతది. సింహాసనం మీద కూర్చుని, ఎడమ చేతిలో పండ్లూ గింజలూ పొర్లిపోయే పెద్ద కొమ్ము పట్టుకుని ఉంటుంది. మన నాణేల మీది లక్ష్మి బొమ్మకు ఈమెదే పాత అచ్చు అంటారు. చివరి కుషాణ రాజుల బంగారం మీద ఆమె బాగా కనిపిస్తుంది. బంగారం కాబట్టే ఆ గుంట ఖాళీ.

తెలంగాణ వచ్చింది, తర్వాత జిల్లాలు విడగొట్టారు. ఆ రోజుల్లోనే రామన్నపేటలో పూసలూ పుస్తెలూ దారానికి గుచ్చి ఇచ్చే ఒక సాయబు దుకాణానికి పక్క ఊరి ముసలామె వచ్చింది. మెడలోని నల్లదారం తెగింది. దారానికి ఉన్నది ఒకే ఒక్క బంగారు బిళ్ళ. కొత్త దారం ఎక్కిస్తూ బిళ్ళను తిప్పి చూసిన సాయబుకు కోటు తొడుక్కున్న గడ్డం మనిషి, చుట్టూ ఎన్నడూ చూడని అక్షరాలు కనిపించాయి. వింతగా ఉందని ఫోన్‌లో రెండు వైపులా ఫోటో తీసి ఎవరికో పంపాడు. అది ఎన్ని ఫోన్లు తిరిగిందో గానీ ఒక పొద్దున మా మ్యూజియం అధికారి పెద్దసార్ ఫోన్‌లో వచ్చి పడింది.

పెద్దసార్ చెడ్డమనిషి అని నేను ఎన్నడూ అనలేదు. కొత్త రాష్ట్రంలో మా చిన్న మ్యూజియానికి పేరు తేవాలన్న తపన ఆయనకు నిజంగానే ఉండేది. ఫోటో చూపించి, "ఏమిటిది?" అన్నాడు.

"కుషాణుల చివరి కాలపు బంగారు నాణెంలా ఉంది సార్. చేతిలో పట్టుకుని చూస్తేగానీ అసలో నకిలీయో చెప్పలేను," అన్నాను. ఆయన మొదటి వాక్యం విన్నాడు, రెండోది వినలేదు. సాయంత్రానికల్లా అద్దాల పెట్టె ఒకటి తయారు చేయమని పురమాయించాడు. లోపల చిన్న దీపం, కింద నల్ల మఖమల్ గుడ్డ, ముందు పేరు పలక: "మన నేలలో వెలుగుచూసిన కుషాణ స్వర్ణం". పేపర్ల వాళ్ళకు కూడా చెవిన వేశాడు.

ఖాళీ పెట్టెలో వెలుగుతున్న దీపాన్ని చూసి ఫోటోగ్రాఫర్ నా చెవిలో, "ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు.

పెద్దసార్, ఫోటోగ్రాఫర్, నేను ముగ్గురం ఆ ఊరికి పోయాం. గొర్లు కాసుకునే ఇల్లు. దొడ్డి చుట్టూ కంప, వాకిట్లో ఎండేసిన ఉన్ని. ముసలామె గడప మీద కూర్చుని ఒక గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. పిల్ల పాలు తాగుతుంటే లేవడం కుదరదని మాకే అర్థమైంది. నలభై దాటిన ఆమె కొడుకు పరుగున మంచం వాల్చాడు.

"అమ్మా, మీ దగ్గరున్న పాత నాణెం చూడాలి," అన్నాడు పెద్దసార్.

"నాణెం గీణెం ఏం లేదు సారూ. అక్క ఉన్నది."

ఆ మాట పెద్దసార్‌కు అర్థం కాలేదు. నాకు అయింది. మా వైపు మొదటి భార్య చనిపోయినవాణ్ణి చేసుకున్న ఆడమనిషి, పుస్తెలతో పాటు ఒక చిన్న బంగారు బిళ్ళ కట్టుకుంటుంది. దాని మీద కంసాలి ఆడబొమ్మ కొడతాడు. అది పోయిన మొదటి భార్య. సవతి బిళ్ళ అంటారు. పండగకు కొత్త చీర ముందు ఆమెకు చూపించాలి, పిండివంట ముందు ఆమెకు పెట్టాలి. బతికున్నామె తర్వాత.

"అక్క కాన్పుల పోయింది సారూ, పిల్లతోని," అంది అవ్వ. "నన్ను చేస్కున్ననాడు మా అత్త పెట్టెల నుంచి గిది తీసింది. ఆమెకు వాళ్ళ అత్త ఇచ్చిందట. బొమ్మ కొట్టమని కంసలాయనకిస్తే, దీంట్ల ఆడిమనిషి కూసోనే ఉన్నది, చంకల పిల్ల గూడ ఉన్నది, ఇంక నన్నేం కొట్టమంటరు అన్నడట. రింగు అతికి ఇచ్చిండు, అంతె."

నేను భూతద్దం తీసి ఆమె దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆమె దారం తీయలేదు. మెడలోనే చూసుకోమని గడ్డం పైకెత్తింది. ఎన్నో ఏళ్ళ పసుపుకు, ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ప్రతిసారీ తాకే వేళ్ళకు, పైవైపు బొమ్మ నున్నగా అరిగిపోయింది. కూర్చున్న స్త్రీ ఆకారం, ఎడమ చేతిలో పొడుగాటిదేదో, అంతే మిగిలింది. అర్దోక్షో. నా డబ్బాలోని ఖాళీ గుంట.

బిళ్ళను తిప్పాను. రాజు నిన్న మొన్న టంకశాల నుంచి వచ్చినట్టు ఉన్నాడు. గడ్డం వెంట్రుకలు, కోటు అంచు, పక్కన త్రిశూలం, అక్షరాలు, అన్నీ పదునుగా. మ్యూజియాల్లో కూడా ఇంత బాగున్నది నేను చూడలేదు.

"గీ మొఖం లోపటి దిక్కు ఎందుకు పెట్టుకున్నవ్ అవ్వా?"

"గా మొగోణ్ణి సూడు బిడ్డా. పొయ్యి కాడ నిలబడ్డడు. మా ఇంట్ల ఏ మొగోడన్న పొయ్యి మొఖం సూసిండా? వీడు మావోడు కాదని అటు దిక్కు తిప్పిన."

అగ్నివేదికలో ధూపం వేస్తున్న చక్రవర్తి ఆమెకు వంట చేస్తున్న మగవాడు. ఫోటోగ్రాఫర్ నవ్వు ఆపుకోలేక కెమెరా సంచిలో తల దూర్చాడు. కానీ వంటవాడనుకున్న పుణ్యాన ఆ రాజు ముఖం ఎండా పసుపూ తగలకుండా నిలిచింది.

నాణెం అసలైనదే అని పెద్దసార్‌తో చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. "అమ్మా, ఇది మీ అక్క కాదు. ఎక్కడో పరాయి దేశపు దేవత. చేతిలోది పిల్ల కాదు, కొమ్ము. ఇలాంటి పాత వస్తువు ప్రభుత్వానిది," అన్నాడు.

"నీ కండ్లకు కొమ్ము ఆనుతది, నా కండ్లకు పిల్ల ఆనుతది. దానికేంది సారూ? నీ కండ్లతోని నేను సూడాల్నా?"

"భర్త పోయాక పుస్తెలు తీసేశారు కదా? మరి ఇదెందుకు?"

ఈ ప్రశ్నకు ఆమె సీసా పక్కన పెట్టింది. "ఆయన పోయిననాడు పుస్తెలు తీసిండ్రు. గిది గూడ తియ్యమన్నరు. నేను తియ్యనియ్యలే. పోయింది మొగడు సారూ. అక్క ఎప్పుడో పోయింది. సచ్చినామెను మల్ల సంపుతరా?"

కొడుకు మధ్యలోకి వచ్చాడు. "అవ్వా, ఇచ్చెయ్యే. పోలీసులొస్తరు," అని బతిమాలాడు. పెద్దసార్ పోలీసుల మాట అనలేదు. కానీ కాదనీ అనలేదు. సోమవారం పంచనామాకు వస్తామని చెప్పి లేచాడు.

జీపులో అసలు సంగతి బయటపడింది. దున్నుతుంటేనో తవ్వుతుంటేనో నేలలో దొరికిన నిధి అయితే సర్కారుది. ఒక ఇంట్లో అత్త నుంచి కోడలికి వస్తున్న నగ సర్కారుది కాదు. ఆ తేడా పెద్దసార్‌కు నాకన్నా బాగా తెలుసు. అందుకే, "రిపోర్టులో దొరికిన చోటు గొర్ల దొడ్డి అని రాయి. గుంజ పాతుతుంటే బయటపడింది. నాణేల మనిషివి, నువ్వు సంతకం పెడితే ఎవరూ అడగరు," అన్నాడు. మళ్ళీ మెత్తగా, "నేను ఇంటికి తీసుకుపోతానా? ప్రజలు చూస్తారు. ఆ ముసలామె పోయిన మర్నాడు కొడుకు దాన్ని కరిగిస్తే ఏం చేస్తావు?" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను పొడిచింది. కరిగిస్తారేమోనన్న భయం ఆయనకన్నా నాకే ఎక్కువ. రాజు గడ్డం కంసాలి మూసలో కరిగిపోవడం ఆ రెండు రోజులూ కళ్ళ ముందు ఆడింది. పైగా, నిజం చెప్పాలి కదా, ఆ అద్దాల పెట్టె మా మ్యూజియంలో ఉంటే రోజూ పొద్దున తాళం తీసి మొదట చూసేవాణ్ణి నేనే.

ఆదివారం ఫోటోగ్రాఫర్‌తో కలిసి చాయ్ తాగాను. ఆయన సలహా ఇవ్వలేదు. ప్రశ్న అడిగాడు.

"భాయ్, వస్తువు ముట్టుకునే ముందు మన కాయిదా ఏంది?"

"ఉన్న చోటనే ఫోటో తియ్యాలె. పక్కన స్కేలు పెట్టి."

"గిది నాకు నేర్పినోడివి నువ్వే. ఒకసారి నేను కుండ పెంకు జరిపి ఫోటో తీస్తే నెల దాకా మాట్లాడలే. మరి రేపు స్కేలు ఏడ పెట్టాలె? దొడ్డిల పెట్టాల్నా?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టేసరికి నిర్ణయం అయిపోయింది.

సోమవారం అవ్వ వాకిట్లో పంచనామా. సాక్షులుగా ఇద్దరు ఇరుగుపొరుగు పెద్దమనుషులు. పెద్దసార్ కాగితాలు సర్దుతుండగానే ఫోటోగ్రాఫర్ జేబులోంచి నలుపు తెలుపు గళ్ళ చిన్న స్కేలు తీసి, "అవ్వా, జర కదలకు," అంటూ ఆమె మెడ పక్కన బిళ్ళకు ఆనించి పెట్టమని ఆమె చేతికే ఇచ్చాడు.

"ఏంది సాబ్, నా మెడ కొలిచి పట్టెడ చేయిస్తవా?"

"చేయిస్తుంటి అవ్వా. మా బేగం ఊకోదు."

వాకిలంతా నవ్వింది. పెద్దసార్ తలెత్తి, "ఏం చేస్తున్నావు?" అన్నాడు.

"దొరికిన జాగల ఫోటో సార్. రూలు," అంటూ వరుసగా తీశాడు. ముందు వైపు, వెనుక వైపు, మెడతో సహా, ముఖంతో సహా. ఏళ్ళ తరబడి బిళ్ళ ఆనీ ఆనీ చర్మం మీద పడిన చిన్న గుండ్రటి నల్లమచ్చతో సహా.

రిపోర్టు నా ముందుకు వచ్చింది. నేను రాశాను. నాణెం అసలైనది, కుషాణుల చివరి కాలానిది. దొరికిన చోటు: ఈమె మెడ. నేలలో దొరికినది కాదు. కింద సంతకం.

పెద్దసార్ చదివాడు. గొంతు పెంచలేదు. "నువ్వు ప్రభుత్వ ఉద్యోగివా, ఈమె ఉద్యోగివా?"

"ప్రభుత్వ ఉద్యోగినే సార్. అందుకే ప్రభుత్వం చేత అబద్ధం ఆడించను."

"ఎన్ని నెలల్లో రిటైర్ అవుతున్నావో గుర్తుందా?"

"నాకు గుర్తుంది సార్. మీకూ గుర్తుండే ఉంటుంది."

ఆయన నన్ను వదిలి సాక్షుల వైపు తిరిగి, దొడ్డిలో దొరికిందని వాళ్ళు చెబితే చాలన్నాడు. అంతదాకా చుట్ట కాలుస్తూ కూర్చున్న పెద్దమనిషి, "గట్లెట్ల చెప్తం సారూ? ఈమె గీ ఊరికి కోడలై వచ్చిననాటి సంది సూస్తున్నం. మేం సంతకం పెడితే అక్క రాత్రి మా ఇంటికొచ్చి అడుగుతది," అన్నాడు. రెండో ఆయన తువాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. పెద్దసార్ కాగితాలు మడిచి పోయి జీపులో కూర్చున్నాడు.

నేను కూడా పోబోతుంటే అవ్వ పిలిచింది. నా సంచిలోంచి బయటకు కనిపిస్తున్న తక్కెడను చూపించి, "గదెందుకు తెచ్చినవ్?" అంది.

"తూకం రాసుకుందామని అవ్వా. ఇప్పుడు వద్దులే."

ఆమె దారం తలమీదుగా తీసింది. కొడుకు నోరు తెరిచి చూశాడు. బిళ్ళను కళ్ళకద్దుకుని తక్కెడలో తానే పెట్టింది. "గుంజుకపోతనంటె ఇయ్యలే. తూస్తనంటె ఎందుకియ్య? అక్క ఎంత బరువున్నదో నాకు గూడ ఎర్కలే."

తూచాను, కొలిచాను, రాసుకున్నాను. నా అరచేతిలో కాసేపు ఉంచుకున్నాను. జీవితంలో నేను పట్టుకున్న ఒకే ఒక్క కుషాణ బంగారం అది. తిరిగి ఆమె చేతిలో పెట్టాను.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. మెమో వచ్చింది, జవాబిచ్చాను. నందికొండలో సామాను గోదాము కాపలాకు బదిలీ చేశారు. పాత రాళ్ళు, తాళంచెవుల గుత్తి, నేను. శిక్ష అనుకున్నారు. పొద్దున్నే డ్యాం నీళ్ళ ఒడ్డుకు పడవలు వచ్చేవి, తాజా చేపలు దొరికేవి. అంత బాగా నేను నల్లగొండలో ఎన్నడూ తినలేదు. మ్యూజియంలో అద్దాల పెట్టె దీపం చాలాకాలం ఖాళీ మఖమల్ మీదే వెలిగింది. తర్వాత పలక మార్చి ఎవరో అందులో ఒక మట్టి ప్రమిద పెట్టారు. అదీ మన నేలలో దొరికిందే. బాగానే ఉంది.

శాస్త్రానికి నష్టం చేశావని చదువుకున్న మిత్రులు ఇప్పటికీ అంటారు. ఏం నష్టమో చెప్పమంటే చెప్పరు. బరువు ఉంది, కొలత ఉంది, రెండు వైపుల ఫోటోలు ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. దొడ్డిలో దొరికిందని రాసి ఉంటేనే నష్టం. రేపు ఎవరో దాన్ని నమ్మి, కుషాణుల వర్తకులు రామన్నపేట దాకా వచ్చారని పుస్తకం రాసేవారు. నగ అయిన నాణెం ఎన్ని చేతులు మారి, ఎన్ని మెడలు తిరిగి ఎక్కడికి చేరుతుందో ఎవరికి తెలుసు? తెలియదని రాయడం కూడా శాస్త్రమే. ఇక కరిగిస్తారేమోనన్న భయం అంటారా, అది నాకూ ఉండేది. భయం ఉన్నంత మాత్రాన ఇంకొకరి మెడలోది నాది అయిపోదు.

పోయినేడు అవ్వ కొడుకు ఫోన్ చేశాడు. అతని కొడుకు షాద్‌నగర్ దగ్గర కంపెనీలో పని చేస్తాడు. భార్య జబ్బు చేసి పోయింది, మళ్ళీ పెళ్ళి. "అవ్వ మిమ్ములను, ఫోటో సాబ్‌ను రమ్మంటున్నది. రాకుంటె మొఖం సూడనన్నది," అన్నాడు.

ఇద్దరం రిటైరైన ముసలివాళ్ళం బస్సెక్కి పోయాం. అవ్వ ఇప్పుడు మంచం మీదే. పెళ్ళి తంతు అయ్యాక కొత్త కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మెడలోని నల్లదారం తీసి బిళ్ళను ఆమె చేతిలో పెట్టింది. "మా అక్క నాతోని చానేండ్లు ఉన్నది. ఇగ మీ అక్క గూడ దీంట్లనే కూసుంటది. జాగ సాలదంటవా? ఆడోళ్ళు, సదురుకుంటరు."

ఆ అమ్మాయి కూడా అదే కంపెనీలో పనిచేస్తుంది. బిళ్ళను పుస్తెల తాడుకు ఎక్కించబోతూ తిప్పి రెండు వైపులా చూసింది. "అవ్వా, వీడెవడు?"

"పొయ్యి కాడోడు. వాణ్ణి లోపటి దిక్కు పెట్టు."

"నేను బయటి దిక్కే పెడ్త," అందా అమ్మాయి. "నాది నైట్ డ్యూటీ, ఈయనది పగటీలి డ్యూటీ. నేను లేసేసరికి ఈయన వండకుంటె నాకు బువ్వెక్కడిది? మాకు పొయ్యి కాడోడే గావాలె. అక్కను లోపటి దిక్కు పెట్టుకుంట. ఇన్నేండ్లు ఎండకున్నది, జర నీడకుండనీ."

అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ మనవడి వైపు చూసింది.

"నిజమేనార?"

వాడు తలవంచుకుని, "పప్పొక్కటే వస్తదవ్వా," అన్నాడు.

అవ్వ దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ అమ్మాయి తాడు సవరించుకుంది. పదిహేడు వందల ఏళ్ళ నాటి రాజు కోటుతో, బూట్లతో, పొయ్యి ముందు నిలబడి మొదటిసారి ఆ ఇంటి వెలుతురులోకి వచ్చాడు. నాణేల మనిషిని కాబట్టి నాకు తెలుసు. ఇక పసుపు ఆయన ముఖానికి పడుతుంది. ముందు ముక్కు అరుగుతుంది, తర్వాత గడ్డం, ఆ తర్వాత అక్షరాలు. మా పెద్దసార్ ఉంటే గుండె పట్టుకునేవాడు. నేను పట్టుకోలేదు.

పక్కకు చూస్తే ఫోటోగ్రాఫర్ అప్పటికే జేబులు తడుముకుంటున్నాడు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ నలుపు తెలుపు గళ్ళ స్కేలు జేబులోనే ఉంది. కోడలి చేతికి దాన్ని ఇచ్చి, "బిడ్డా, మెడ పక్కన పట్టుకో. జర కదలకు," అన్నాడు. నావైపు తిరిగి, "రాస్కో భాయ్, జాగ మారింది," అన్నాడు.

రాసుకున్నాను.